సంక్రాంతికి ఊరెళ్లాం, కరెంటు కారులో

మా నాన్నగారు నరసాపురం డిపోలో 31 ఏళ్లు ఆర్టీసీ బస్సు నడిపి రిటైరయ్యారు. అందులో సగం కాలం హైదరాబాద్ నైట్ సర్వీసే. ఆ దారిలో ఏ మలుపు ఎక్కడుందో, ఏ హోటల్లో సాంబారు నిన్నటిదో కళ్లు మూసుకుని చెబుతారు. మొన్న సంక్రాంతికి అదే దారిలో, నా ఎలక్ట్రిక్ కారు ముందు సీట్లో కూర్చుని, బెల్టు పెట్టుకుంటూ ఆయన అడిగిన మొదటి మాట: "ఇందులో ఆయిలైపోతే డబ్బా పట్టుకెళ్లి తెచ్చుకోడానిక్కూడా ఉండదు కదరా?"

ఉండదు. పెట్రోలు బండి ఆగితే ఎవరో ఒకరు వాటర్ బాటిల్లో పట్టుకొచ్చి పోస్తారు. కరెంటు బాటిల్లో పట్టదు.

కారు కొని అప్పటికి ఏడు నెలలు. 2024 నవంబరు నుంచి తెలంగాణలో ఎలక్ట్రిక్ బళ్లకు రోడ్ ట్యాక్సూ రిజిస్ట్రేషన్ ఫీజూ లేకుండా చేశారు కదా, 2026 డిసెంబరు ఆఖరు దాకా. ఆ మిగులు చూసే కొన్నాను, దాచుకోవడం దేనికి. వనస్థలిపురంలో మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో 15 యాంప్స్ ప్లగ్గు పెట్టించుకున్నాను. రాత్రి తగిలిస్తే పొద్దుటికి నిండుతుంది, మూడు నాలుగు రోజులు ఆఫీసుకు తిరుగుతుంది. బయట చార్జర్ దగ్గర ఆగాల్సిన అవసరం రెండుసార్లకు మించి రాలేదు. ఎవరడిగినా "ఏం ఇబ్బంది లేదండీ, సెల్‌ఫోన్ లాగే" అని చెప్పేవాణ్ని. ఇప్పుడా మాట అనడం మానేశాను.

లెక్క ఇదీ. బ్యాటరీ 40 యూనిట్లు. కరెంటు బిల్లులో వచ్చే యూనిట్లే ఇవీను. సిటీలో మెల్లగా పోతే యూనిట్‌కు 8 కిలోమీటర్లు వస్తుంది. హైవే మీద 85, 90లో, నలుగురం, డిక్కీ నిండా సామాను, పైన ఏసీ అంటే ఆరు, ఆరున్నర. అంటే నిండు చార్జింగ్‌కు 250 చిల్లర. బ్రోచర్‌లో వేసిన అంకె చాలా పెద్దదే, అది బ్రోచర్ నడిపే కారుకు. ఇంటి నుంచి పాలకొల్లు పక్కనున్న మా ఊరికి 420 కిలోమీటర్లు. దారిలో రెండుచోట్ల ఆగితే చాలు.

ఫోన్‌లో మ్యాప్ తెరిస్తే విజయవాడ దాకా ఆకుపచ్చ చుక్కలే చుక్కలు. హైవేల మీద ప్రతి 20 కిలోమీటర్లకు, రోడ్డుకు రెండువైపులా ఒక్కో చార్జింగ్ స్టేషన్ ఉండాలని కేంద్ర విద్యుత్ శాఖ మార్గదర్శకాల్లో ఉంది. మ్యాప్ చూస్తే ఈ దారి ఆ పరీక్ష ఎప్పుడో పాసైపోయినట్టుంది. ఒక్కో కంపెనీకి ఒక్కో యాప్, ఒక్కో యాప్‌కు ఒక్కో వాలెట్, అందులో ముందే డబ్బులెయ్యాలి. నాలుగు యాప్‌లు దించుకుని, నాలుగింట్లోనూ రెండేసి మూడేసి వందలు వేసి, శనివారం తెల్లవారుజామున 4 గంటలకు బయల్దేరాం.

పంతంగి టోల్‌గేటు దగ్గరే తెల్లారింది. పండక్కి హైదరాబాద్ మొత్తం ఖాళీ అయి ఈ ఒక్క రోడ్డు మీదికే వచ్చినట్టుంది. ఇక్కడ మాత్రం నా కారుకు ఒక మంచి మార్కు వేయాలి. బంపర్‌కు బంపర్ తగిలేలా గంటన్నర పాకినా బ్యాటరీ పెద్దగా దిగలేదు. బండి ఆగినప్పుడు మోటారూ ఆగుతుంది కదా, తినేది ఒక్క ఏసీయే. పక్కన డీజిల్ బళ్లు గుర్రుమంటూ పొగ వదులుతుంటే నాన్న మీటరు వంక చూసి "ఇదొకటి బావుందిరా" అన్నారు. ఆ రోజు మొత్తానికి ఆయన మెచ్చుకున్నది అదొక్కటే.

సూర్యాపేట చేరేసరికి 8 దాటింది. బ్యాటరీ 48 శాతం. పెద్ద హోటల్ ఆవరణలో ఓ మూల చార్జర్. దాని మీద 60 కిలోవాట్లని రాసుంది, అంటే గంటకు 60 యూనిట్లు. నేను అమాయకంగా 20 యూనిట్లు ఎక్కడానికి 20 నిమిషాలని లెక్కేసుకున్నాను. దానికి రెండు గన్నులు, అంటే కారుకు తగిలించే కేబుల్ పిడులు. రెండు కార్లు తగిలిస్తే ఆ 60 చెరో 30గా పంచుకుంటుంది. పైగా నాకంటే ముందు ఇంకో కారు కాచుకుని ఉంది. ఒక గన్ను దగ్గర తెల్లకారు 91 శాతం చూపిస్తోంది, లోపల మనిషి లేడు, అద్దం మీద ఫోన్ నంబరు చీటీ లేదు. హోటల్లోకెళ్లి "బయట చార్జింగ్‌లో ఉన్న తెల్లకారు ఎవరిదండీ" అని రెండు హాళ్లలోనూ కేకేశాను. సర్వర్లు నవ్వారు. మూడో కేకకు ఒకాయన పెసరట్టు ముందు కూర్చునే చెయ్యెత్తి, "హండ్రెడ్ కానివ్వండి సార్, తీసేస్తా" అన్నాడు.

ఈ కార్ల సంగతి తెలియనివాళ్లకు ఇందులో తప్పేముందో అర్థం కాదు. 80 శాతం దాటాక బ్యాటరీ కరెంటు తీసుకోవడం తగ్గించుకుంటుంది, దాని ఆరోగ్యం కోసం దానికదే. 20 నుంచి 80 ఎక్కడానికి పట్టేంత సేపు కొన్నిసార్లు ఆ చివరి 20కే పడుతుంది. క్యూలో నిలబడి ఇది నాన్నకు చెబితే, ఆయన కాసేపు ఆలోచించి, "బస్సులో సీట్లు నిండేదాకా జనం గబగబా ఎక్కేస్తారు. ఆ తర్వాత ఒక్కొక్కణ్నీ కండక్టరు లోపలికి తొయ్యాలి. అదేగా?" అన్నారు. అదే. అంతకన్నా బాగా నేనెక్కడా వినలేదు.

మా వంతు వచ్చేసరికి గంటంపావు. చార్జింగుకు ఇంకో గంట. మావాడు హోటల్ ముందున్న ఉయ్యాల ఊగి ఊగి అలిసిపోయి, కార్లో పడి నిద్రపోయాడు. 18 యూనిట్లకు, జీఎస్టీ 18 శాతం కలిపి, 440 రూపాయలు. నేను 92 దగ్గర తీసేశాను. మరి నేను మాత్రం 80 దగ్గర ఎందుకు తీయలేదంటే, ముందున్న దారి మీద నమ్మకం లేక. క్యూలో వెనకున్నాయన నన్ను చూసిన చూపు, పెసరట్టాయన్ని నేను చూసిన చూపూ ఒకటే.

కోదాడ, జగ్గయ్యపేట, నందిగామ హాయిగా గడిచాయి. విజయవాడలో ఇరుక్కుని బయటపడి, హనుమాన్ జంక్షన్ దగ్గర పెట్రోలు బంకులో ఆగుదామని ముందే అనుకున్నాం. యాప్‌లో ఆకుపచ్చ చుక్క, పక్కన "అందుబాటులో ఉంది" అని. వెళ్లేసరికి 26 శాతం. చార్జర్ కొత్తది. స్క్రీను మీద అంటించిన ప్లాస్టిక్ పొర ఇంకా పీకలేదు. స్క్రీను నల్లగా ఉంది. గన్ను తగిలిస్తే ఉలుకూ పలుకూ లేదు. బంకు కుర్రాడు అటు లారీకి డీజిల్ కొడుతూనే ఇటు అరిచాడు: "అది పనిచెయ్యదండీ! పెట్టిన కాడ్నించీ అంతే! ట్రాన్స్‌ఫార్మరేదో రావాలంట!"

"మరి యాప్‌లో ఉందని చూపిస్తోందేంటి బాబూ?"

"అది మాకేం తెలుస్తదండీ. అందరూ అదే అడుగుతున్నారు."

తర్వాత తెలుసుకున్నదేంటంటే, చార్జర్ తన స్థితిని లోపలుండే సిమ్ ద్వారా కంపెనీ సర్వర్‌కు పంపుతూ ఉంటుంది. ఆ కబురు ఆగిపోతే కొన్ని యాప్‌లు ఆఖరుసారి విన్నదాన్నే పట్టుకుని కూర్చుంటాయి. చచ్చిపోయినవాడి పేరు రేషన్ కార్డులో కొనసాగినట్టు. బంకు కుర్రాడికేమో దానితో సంబంధం లేదు. తాళం అతని దగ్గర ఉండదు, లాభం అతనికి రాదు, చెయ్యి పెడితే తిట్లు మాత్రం వస్తాయి. పెట్రోలు పంపు చెడితే మేనేజరు పరుగెత్తుకొస్తాడు, ఆ గంట అమ్మకం పోతుంది గనక. ఈ పెట్టె చెడితే ఎవరి గుండె కొట్టుకుంటుంది? ఆ దారంతా నన్ను తొలిచిన ప్రశ్న ఇదే. చుక్కలు లేకపోవడం కాదు బాధ, చుక్క పక్కన మనిషి లేకపోవడం.

తర్వాతి చార్జర్ ఏలూరు బైపాస్ దగ్గర. ఏసీ ఆపేశాం, అద్దాలు దించాం, స్పీడు 65కి తెచ్చాను. లారీలు కూడా హారన్ కొట్టి దాటుకుపోతున్నాయి. 31 ఏళ్ల సర్వీసులో ఎవరినీ దాటనివ్వని మనిషి పక్కన కూర్చుని కిటికీలోంచి బయటికే చూస్తున్నారు. మా ఆవిడ వెనక సీట్లోంచి, "రైలుకు టికెట్లు దొరకలేదని నువ్వు చెప్పింది నిజమేనా?" అని అడిగింది. దొరికేవే. కారు చూపించుకోవాలని నేనే బుక్ చెయ్యలేదు. ఆ సంగతి ఇప్పుడే ఒప్పుకుంటున్నాను.

17 శాతంతో చేరాం. ఇక్కడ చార్జర్ బతికే ఉంది. స్క్రీను వెలుగుతోంది, కాని ఎర్రగా. "ఎమర్జెన్సీ" అని ఇంగ్లీషులో ఏదో వస్తోంది. యాప్‌లో నొక్కితే ఓటీపీ రాలేదు, వచ్చేసరికి గడువు అయిపోయింది. వాలెట్‌లో డబ్బులు చాలవంటే 500 వేశాను, బ్యాంకులో కట్ అయ్యాయి, వాలెట్‌లో కనపడలేదు. కస్టమర్ కేర్ అమ్మాయి పాపం చాలా మర్యాదగా హిందీలో మాట్లాడింది. చార్జర్ మీదున్న నంబరు చెప్పమంది, ఎండకు ఆ స్టిక్కరు తెల్లబోయి సగం అంకెలు కనపడట్లేదు. చివరికి "టికెట్ రైజ్ చేశాం సార్, 24 గంటల్లో పరిష్కారమవుతుంది" అంది. 24 గంటల్లో మా ఇంట్లో అరిసెలు కూడా అయిపోతాయి.

అప్పుడొచ్చాడు వాచ్‌మన్ తాత. తలకు మఫ్లరు, చేతిలో టీ గ్లాసు. నా వంక గానీ నా ఫోన్ వంక గానీ చూడలేదు. తిన్నగా చార్జర్ దగ్గరికెళ్లాడు. దాని పక్కన నడుం ఎత్తులో పుట్టగొడుగు లాంటి ఎర్రటి గుండీ ఉంది, లోపలికి నొక్కుకుపోయి. టీ గ్లాసు ఎడమ చేతిలోకి మార్చుకుని, కుడిచేత్తో ఆ గుండీని పట్టుకుని సీసా మూత తిప్పినట్టు కుడివైపుకు తిప్పాడు. టక్కుమని బయటికొచ్చింది. లోపల ఫ్యాన్లు గుయ్యిమన్నాయి. స్క్రీను మీద ఎరుపు పోయి పచ్చబడింది.

"పిల్లలండి బాబూ. ఎర్రగా కనపడితే నొక్కేత్తారు. పొద్దుట్నించీ ఇది మూడోసారి."

ఒక్క ముక్క. ఎర్ర గుండీ తిప్పండి. అది ఆ చార్జర్ మీద తెలుగులో రాసి ఉంటే నాకు 40 నిమిషాలు, 500 రూపాయలు మిగిలేవి. డబ్బులు పదకొండు రోజుల తర్వాత వెనక్కొచ్చాయి లెండి. తాతకు వంద ఇవ్వబోతే తీసుకోలేదు, "టీ డబ్బులు చాలండి" అన్నాడు. నాన్న మాత్రం ఆయనతో అరగంట కూర్చుని కబుర్లాడారు. తాత తమ్ముడు కూడా ఆర్టీసీయేనట, ఏలూరు డిపోలో కండక్టరు. కారు 75 శాతానికి వచ్చింది, నేను పిలిస్తే గానీ లేవలేదు. తాత నంబరు నేను తీసుకోవాలని అనుకునేలోపు నాన్నే తన డైరీలో రాసుకున్నారు.

తణుకు దగ్గర హైవే దిగి మార్టేరు మీదుగా ఇంటికి చేరేసరికి రాత్రి 7. తెల్లవారుజామున 4కు బయల్దేరినవాళ్లం. "నా బస్సు పదిగంటల్లో వచ్చేసేది, మధ్యలో భోజనాలతో సహా" అన్నారు నాన్న, అమ్మకు వినపడేలా.

ఊళ్లో ఇంకో కథ. ఇంట్లో గ్రైండరు ప్లగ్గుకు కారు చార్జర్ తగిలిస్తే దాని మీద ఎర్రలైటు. ఇంకో ప్లగ్గు, మళ్లీ ఎర్రలైటే. కేబుల్ పాడైందనుకుని నా గుండె జారింది. పొద్దున్నే మా ఊరి ఎలక్ట్రీషియన్ వచ్చి టెస్టరు బల్బు ఫేజుకూ ఎర్తుకూ మధ్య పెట్టి చూశాడు. వెలగలేదు. "ఇంటికి ఎర్తింగే లేదండి. మూడో బొక్క ఉత్తుత్తిదే, దాని వెనకాల తీగే లేదు." 1988లో కట్టిన ఇల్లు. ఇన్నేళ్లుగా ఫ్రిజ్జూ మిక్సీ గ్రైండరూ ఎర్తు లేకుండానే తిరిగేశాయి, అమ్మకు అప్పుడప్పుడూ "చిన్న జిల్లు" కొడుతూనే ఉందట, ఎవరికీ పట్టలేదు. కారు మాత్రం ఒప్పుకోలేదు. ఎర్తు ఉంటే తప్ప కరెంటు తీసుకోకూడదని ఆ చార్జర్‌లో కట్టుదిట్టం ఉంటుంది.

భోగి ముందురోజు పెరట్లో గొయ్యి తవ్వాం. మా దగ్గర నాలుగడుగులు తవ్వితే నీరే, అందుకని పని సులువైంది. ఇనప పైపు దింపి, చుట్టూ బొగ్గూ కల్లుప్పూ పొరలు పొరలుగా పోసి, రెండు బిందెల నీళ్లు పోసి, రాగి తీగ ఇంట్లోకి లాగాడు. సామానుతో కలిపి 2,800 అయింది. తగిలించగానే పచ్చలైటు. వీధిలో పిల్లలు చప్పట్లు కొట్టారు. అమ్మ ముందు ఫ్రిజ్జు మీద చెయ్యేసి చూసింది. జిల్లు లేదు.

వోల్టేజీ సంగతి వేరే. సాయంత్రం 6 నుంచి 10 దాకా 180 దాటదు, కారు చార్జింగు మొదలెట్టి ఆపేస్తుంది. "చెరువుల మీద రొయ్యలకు గాలి కొట్టే ఏరేటర్లన్నీ తిరిగే టైమురా, రొయ్యలు పడుకున్నాక నీ కారు" అని బాబాయి నవ్వాడు. నిజంగానే 11 దాటాక తగిలిస్తే పొద్దున 6 దాకా నిక్షేపంగా ఎక్కేది. మూడు రాత్రుల్లో నిండింది. పందేల బరి దగ్గర పార్కింగులో లెక్కపెడితే ఎలక్ట్రిక్ కార్లు పదకొండు కనపడ్డాయి. అందరి ముఖాల్లోనూ ఒకటే ప్రశ్న, ఒకాయన పలకరింపుగా "మీరెక్కడ పెడుతున్నారండీ?" అన్నాడు. నేను కోడి గురించి అడుగుతున్నాడనుకున్నాను.

తిరుగు ప్రయాణం ఆదివారం పెట్టుకుంటే చచ్చామే అని శనివారం రాత్రి 10కి బయల్దేరాం. మనలాగే అందరూ తెలివైనవాళ్లే. ఒంటిగంటకు నందిగామ దాటాక ఒక స్టేషన్ దగ్గర ఏడు కార్లున్నాయి. కాని అక్కడ గొడవ లేదు. పక్కన టీ కొట్టావిడ బిస్కెట్ల అట్టపెట్టె చింపి, దాని మీద బాల్‌పెన్నుతో కారు నంబర్లు వరసగా రాసి మేకుకు తగిలించింది. వచ్చినవాళ్ల నంబరు ఆవిడే రాస్తుంది, అయినవాళ్లది ఆవిడే కొట్టేస్తుంది. "ఎనభై కాగానే తియ్యాల, లేకపోతే నేనే వచ్చి లేపుతా" అని ముందే చెప్పేది. ఒకతను క్యాబు డ్రైవరు, ఉదయం 7కు శంషాబాద్ ట్రిప్పు ఉందని బతిమాలుకున్నాడు. ఆవిడ మా అందరి వైపూ చూసింది. ఎవరూ వద్దనలేదు. అట్టముక్క మీద అతని నంబరు పైకి జరిగింది. మేం రెండు టీలు, ఒక డబ్బా అరిసెలు, ఎవరిదో సున్నుండల డబ్బా అయ్యేలోపు మా వంతు వచ్చింది. ఆ రాత్రి యాప్ పని ఒక్కటే, డబ్బులు కట్టించుకోవడం.

డబ్బుల సంగతి కూడా చెప్పేస్తాను, అందరూ అడిగేది అదే. వెళ్లేటప్పుడు ఇంట్లో నింపిన దానితో కలిపి 1,400 అయింది. అదే పెట్రోలు కారైతే లీటరు 107 లెక్కన దాదాపు మూడు వేలు. సగం మిగిలింది, పూట పోయింది. నాలుగు వాలెట్లలో ఇప్పటికీ 760 రూపాయలు ఇరుక్కుని ఉన్నాయి. పూట విలువెంతో నాన్నను అడక్కండి, ఆయనకు ఓవర్‌టైమ్ రేటుతో సహా గుర్తుంది.

వచ్చే గురువారం ఉగాది. అమ్మ రమ్మంది. రైలుకు వెళదామని మా ఆవిడ అంటుండగానే నాన్న డైరీ తీసి ఏలూరు తాతకు ఫోన్ కొట్టారు. స్పీకర్లో పెట్టారు.

"పని చేత్తంది గానండీ, ఒక గన్నే. రెండోది మొన్న ఎలక కొరికేసింది. పొద్దుగూకేలోపు వచ్చేయండి, నేను డ్యూటీ దిగకముందే."

నాన్న గడియారం చూసుకుని, వేళ్ల మీద వెనక్కి లెక్కేసి, "అయితే మూడింటికి లేవాల్రా" అన్నారు.